కొలనోస్కోపీకి ముందు పోపు లేని మూడు రోజులు

మొదటిసారి నాకు కొలనోస్కోపీ (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) మొదలుపెట్టి డాక్టరుగారు మధ్యలోనే ఆపేశారు. ముందు రోజు అన్నం మానేశాను, ఇచ్చిన మందు తాగాను, రాత్రంతా బాత్రూముకు తిరిగాను. అయినా తర్వాత చూపించిన ఫోటోల్లో పేగు గోడ మీద నల్లని చుక్కలు కనిపించాయి. ఆవాలు! వాటి పక్కన ముడుచుకుని ఒక కరివేపాకు ముక్క. రెండు రోజుల ముందు తిన్న పులిహోర తాలూకు ఆనవాళ్ళు. ‘గింజలున్న ఆహారం వద్దు’ అని ఆసుపత్రి వారిచ్చిన కాగితంలో స్పష్టంగానే ఉంది. గింజలంటే జామకాయ, దానిమ్మ అనుకున్నాను. పోపు గుర్తుకు రాలేదు. కొన్ని వారాల తర్వాత ఆ తతంగమంతా మళ్ళీ చేయవలసి వచ్చింది.

రెండోసారి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఆ కాగితాల్లో టోస్టు, జెల్లీ, సూపు అని ఉంటాయి. మన వంటింట్లో వాటి స్థానంలో ఏం తినాలో ఉండదు. మీ డాక్టరు చెప్పినదానికీ నేను రాసినదానికీ తేడా వస్తే మాత్రం డాక్టరు మాటే పాటించండి. మీ గుండె, కిడ్నీలు, వాడే మందులు వారికి తెలుసు.

పేగు ఎందుకంత శుభ్రంగా ఉండాలో తెలిస్తే ఈ మూడు రోజులు ఓపిక పట్టడం సులువవుతుంది. పెద్దపేగు సుమారు మీటరున్నర పొడవుంటుంది, లోపలంతా మడతలే. డాక్టరు వెతికేది కొన్ని మిల్లీమీటర్ల పిలకల కోసం. వాటినే పాలిప్‌లంటారు. కొన్ని బొడిపెలా లేచి ఉంటాయి, కొన్ని గోడకు అతుక్కుని బల్లపరుపుగా ఉంటాయి. అలాంటిదాని మీద పలచని మలం పూత ఉన్నా కనిపించదు. లోపల మిగిలిన నీటిని పీల్చేయడానికి గొట్టంలోనే ఒక సన్నని దారి ఉంటుంది. నీరైతే అందులోంచి వెళ్ళిపోతుంది. గింజలు వెళితే అది మూసుకుపోతుంది.

వారం ముందు: మందుల డబ్బా తెరవండి

తిండి సంగతి తర్వాత, ముందు మందులు. ఐరన్ మాత్రలు వాడేవారు సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల ముందే ఆపవలసి ఉంటుంది. ఇనుము మలాన్ని నల్లగా, జిగటగా మారుస్తుంది, అది పేగు గోడను వదలదు. ఇసబ్‌గోల్ లాంటి పీచు పొడులను ఎప్పుడు ఆపాలో కూడా అడగండి. మలబద్ధకానికి త్రిఫల చూర్ణం అలవాటున్నవారు ‘ఇదీ విరేచనానికే కదా’ అని కొనసాగించవద్దు. చూర్ణంలో ఉన్నదంతా నలుసే.

రక్తాన్ని పలచబరిచే మందుల విషయంలో సొంత నిర్ణయం వద్దు. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, అపిక్సబాన్ లాంటివి చెప్పకుండా కొనసాగిస్తే పిలక తీసినచోట రక్తస్రావం కావచ్చు. చెప్పకుండా ఆపేస్తే, ముఖ్యంగా గుండెలో స్టెంటు ఉన్నవారికి, అంతకంటే పెద్ద ప్రమాదం. గుండె డాక్టరు, కొలనోస్కోపీ చేసే డాక్టరు కలిసి తేల్చవలసిన మాట అది.

మధుమేహం ఉన్నవారు ఈ భాగం రెండుసార్లు చదవండి. మీ మాత్ర పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉంటే (డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి) దాన్ని సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు. తిండి లేనప్పుడు ఈ మందు పనిచేస్తూ ఉంటే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగిపోవచ్చు, అదీ షుగరు అంకె మరీ ఎక్కువగా కనిపించకుండానే. ఇన్సులిన్ మోతాదు తగ్గించాలి, ఎంత తగ్గించాలో అడిగి రాసి పెట్టుకోండి. సెమాగ్లుటైడ్ లాంటి వారపు ఇంజెక్షన్లు తీసుకునేవారు మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి, వాటివల్ల కడుపు ఖాళీ అవడం ఆలస్యమవుతుంది. బీపీ మాత్రలను చాలామందికి ఆ ఉదయం గుక్కెడు నీటితో వేసుకోమంటారు కానీ, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రల గురించి వేరుగా అడగండి.

కిడ్నీ జబ్బు, గుండె వైఫల్యం, గర్భం ఉంటే, లేదా రెండు మూడు రోజులకోసారి మాత్రమే విరేచనమయ్యే అలవాటుంటే మందు రాయించుకునేటప్పుడే చెప్పండి. మలబద్ధకం సంగతి చాలామంది మొహమాటపడి దాచిపెడతారు. చెబితే ముందు నుంచే అదనంగా ఏదైనా ఇస్తారు. దాచితే నాలాగే రెండోసారి వెళ్ళవలసి వస్తుంది.

మూడు రోజుల ముందు: వండేవారితో ఒప్పందం

మన దగ్గర చాలా ఆసుపత్రులు రెండు మూడు రోజులు పీచు తగ్గించమంటాయి. అమెరికా వైద్య సంఘాలు 2025లో ఇచ్చిన సూచనల్లో, ఇతర ఇబ్బందులేవీ లేనివారికి ముందు రోజు ఒక్కటే పత్యం చాలన్నారు. మీ కాగితంలో మూడు రోజులని ఉంటే మూడు రోజులే చేయండి. మన భోజనంలో ఆకు, గింజ, తొక్క ఎంత ఉంటాయో చూస్తే అదే మేలనిపిస్తుంది.

ఇంట్లో వంట మీరు చేయకపోతే, చేసేవారికి ముందే వివరంగా చెప్పండి. నేను చెప్పానని అనుకున్నాను. మూడో రోజు మా అమ్మ పెరుగన్నంలో మెల్లగా పోపు పెట్టింది. అడిగితే, ‘ఏమీ లేకుండా ఎలా తింటావురా, నాలుగు ఆవాలే కదా’ అంది. ఆ నాలుగు ఆవాల ఫోటోలు ఫోనులో చూపిస్తే గాని ఒప్పుకోలేదు. కాబట్టి ఈ మూడు రోజులూ ఆవాలు, జీలకర్ర, మెంతులు, శనగపప్పు, మినప్పప్పు, కరివేపాకు, కొత్తిమీర, ఎండుమిరపకాయ ఉండే పోపుల పెట్టెను మూసి పెట్టమనండి. ఘాటు, వాసన కావాలంటే ఉప్పు, నిమ్మరసం, కొంచెం ఇంగువ, కొంచెం నెయ్యి. అంతే.

తినదగినవి చాలానే ఉన్నాయి. పాలిషు పట్టిన తెల్లబియ్యం అన్నం మెత్తగా వండుకోండి. ఇడ్లీ, మామూలు దోసె నిశ్చింతగా తినవచ్చు, పొట్టు తీసిన మినప్పప్పే కాబట్టి. చిక్కంతా పక్కన పెట్టుకునే దానితోనే. పల్లీల చట్నీ, కొబ్బరి చట్నీ, అల్లం పచ్చడి, సాంబారు, కారప్పొడి ఏవీ పనికిరావు. పెరుగుతోనో, నెయ్యి పంచదారతోనో, వడకట్టిన చారుతోనో తినాలి. మొదటి పూట బాధగానే ఉంటుంది. ఉప్మా అంటే వట్టి బొంబాయి రవ్వ, ఉప్పు, నూనె, నీళ్ళు. సేమ్యా, సగ్గుబియ్యం, తెల్ల బ్రెడ్డు, మైదా బిస్కెట్లు ఫరవాలేదు. తొక్క తీసి మెత్తగా ఉడికించిన బంగాళాదుంప తినవచ్చు. చెక్కు, గింజలు తీసేసి బాగా ఉడికిస్తే లేత సొరకాయను కూడా చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. మాంసాహారులకు ఇక్కడ కొంత సుఖం ఉంది: గుడ్డు, చేప, కొవ్వు లేని మెత్తని కోడిమాంసం పీచు లేనివే. కూర మాత్రం గసగసాలు, ధనియాల పొడి, కొబ్బరి లేకుండా వండాలి. పాలు, పెరుగు సాధారణంగా ఈ రోజుల్లో తీసుకోవచ్చు. పండ్లలో బాగా మగ్గిన అరటిపండు ఒక్కటి చాలు.

ఇక వద్దన్న జాబితా. గోంగూర, తోటకూర, పాలకూర, మునగాకు, ఏ ఆకుకూరైనా వద్దు. వంకాయ, బెండకాయ, దొండకాయ, టమోటాల్లో గింజలు కనిపిస్తూనే ఉంటాయి. ఆవకాయలో ఆవపిండి ఉంటుంది, దాని టెంకకు పీచు ఉంటుంది. మజ్జిగ మిరపకాయల నిండా గింజలే. పెసరట్టును ఇడ్లీ దోసెల జట్టులో వేసేయకండి, అందులో పెసలు పొట్టుతో సహా ఉంటాయి. జొన్నరొట్టె, రాగి సంకటి, కొర్రలు, దంపుడు బియ్యం, గోధుమ చపాతి మామూలు రోజుల్లో ఆరోగ్యానికి మంచివి కాబట్టే ఇప్పుడు చెడ్డవి. కందిపప్పు, శనగలు, పల్లీలు, నువ్వులు, సబ్జా గింజలు ఆపండి. భోజనం తర్వాత సోంపు, వక్కపొడి, తాంబూలం వేసుకునే అలవాటున్నవారు వాటిని తిండి కింద లెక్కపెట్టరు. పేగు లెక్కపెడుతుంది. తాంబూలంలో పీచు, ఎర్ర రంగు రెండూ ఉన్నాయి.

ఈ రోజుల్లోనే ఎవరో ఒకరు తిరుపతి వెళ్ళొచ్చి ప్రసాదం తెస్తారు. లడ్డూలో కిస్మిస్ ఉంటుంది, ఏలకుల గింజలు ఉంటాయి. కళ్ళకద్దుకుని ఫ్రిజ్‌లో పెట్టండి.

ముందు రోజు: తేట తప్ప మరేమీ లేదు

ముందు రోజు పొద్దున మెత్తని ఇడ్లీలు రెండో, తెల్ల బ్రెడ్డు ముక్కలో తినవచ్చని చాలామంది చెబుతారు. కొందరు మధ్యాహ్నం దాకా తేలిక ఆహారం ఒప్పుకుంటారు, కొందరు ఉదయం నుంచే ద్రవాలంటారు. మీ కాగితంలో ఏ గంట రాసి ఉందో చూసి అలారం పెట్టుకోండి. ఆ తర్వాత తేట ద్రవాలే.

‘నాకు ఏకాదశి ఉపవాసాలు అలవాటే’ అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. మన ఉపవాసంలో అటుకులు, పల్లీలు, పండ్లు, పాలు ఉంటాయి. ఈ ఉపవాసంలో అవేవీ ఉండవు. పైగా ఇక్కడ కడుపు మాడ్చుకోకూడదు, గంట గంటకూ ఏదో ఒకటి తాగుతూనే ఉండాలి.

తేట అని ఎలా తెలుస్తుంది? గాజుగ్లాసులో పోసి వెనక వార్తాపత్రిక పట్టుకోండి. అక్షరాలు చదవగలిగితే అది తేట. ఈ పరీక్షలో పాలు, మజ్జిగ, లస్సీ, గుజ్జున్న పండ్లరసాలు తప్పిపోతాయి. గంజిని, పప్పు మీద తేరే కట్టును కొన్ని ఆసుపత్రులు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, కాబట్టి అడిగి తాగండి. అనుమానం లేకుండా పనికివచ్చేవి: కొబ్బరినీళ్ళు (కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా తాగవద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ), ఉప్పు పంచదార కలిపి వడకట్టిన నిమ్మరసం, ఓఆర్ఎస్, తేటగా ఉండే ఆపిల్ రసం, పాలు లేని టీ, పాలు లేని కాఫీ. రోజుకు మూడుసార్లు కాఫీ తాగేవారు ఒక్కసారిగా మానేస్తే సాయంత్రానికి తలనొప్పి వస్తుంది. డికాక్షన్‌లో వేడినీళ్ళు, పంచదార కలుపుకుని తాగితే ఆ బాధ తప్పుతుంది.

ఎరుపు, ఊదా రంగుల ద్రవాలు వద్దు. ద్రాక్షరసం, బీట్‌రూట్, దానిమ్మ, రంగు షర్బత్తులు పేగులో రక్తంలా కనిపించి డాక్టరును తికమక పెడతాయి.

నన్ను ఆ రోజు నిలబెట్టింది చారు తేట. దాని తయారీ ఇది. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రసం తీయండి. చిక్కగా పిసకకూడదు. లీటరు నీళ్ళలో ఆ రసం, ఉప్పు, చిటికెడు పసుపు, చిటికెడు ఇంగువ వేయండి. మిరియాలు, జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి పలచని గుడ్డలో మూట కట్టి అందులో వేలాడదీయండి. టమోటా, కొత్తిమీర వద్దు. పది నిమిషాలు మరిగించి, మూట తీసేసి, అరగంట కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరినదాన్ని ఉతికిన నూలు గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. టీ వడపోత చాలదు, మిరియపు నలుసు దాంట్లోంచి జారిపోతుంది. వార్తాపత్రిక పరీక్షలో నెగ్గకపోతే మళ్ళీ వడకట్టాలి. వేడివేడిగా గ్లాసులో పోసుకుని తాగితే భోజనం చేసినంత తృప్తి. కోడిమాంసం ఉడికించిన నీటిని కూడా ఇలాగే కొవ్వు తీసేసి వడకట్టి వాడుకోవచ్చు.

వట్టి మంచినీళ్ళే లీటర్లకొద్దీ తాగవద్దు. విరేచనాలతో లవణాలు పోతున్నప్పుడు నీరు మాత్రమే నింపితే రక్తంలో సోడియం పడిపోతుంది. ఉప్పు, పంచదార ఉన్న ద్రవాలను మార్చి మార్చి తాగాలి. మధుమేహులు రెండు మూడు గంటలకోసారి షుగరు చూసుకుని, తగ్గితే తాగడానికి తేట ఆపిల్ రసమో, గ్లూకోజు నీళ్ళో చేతికందేలా పెట్టుకోండి.

మందు తాగడం: అసలు పరీక్ష ఇదే

ఎక్కువగా ఇచ్చేది పాలిథిలిన్ గ్లైకాల్ పొడి. పేగు దీన్ని పీల్చుకోదు. అది తన నీటిని తనతోనే పట్టుకుని పేగు పొడవునా ప్రవహిస్తూ ఉన్నదంతా తోసుకుపోతుంది. రెండు లీటర్ల నీటిలో కలిపే రకం మన దగ్గర మామూలు. ప్యాకెట్టు మీద ఎంత నీరు రాసి ఉంటే అంతే కలపండి. ‘కొంచెం తక్కువ నీళ్ళయితే త్వరగా తాగేయవచ్చు’ అనే తెలివి వద్దు. చిన్న సీసాలో వచ్చే సల్ఫేటు ద్రావణం ఇస్తే దాన్ని నేరుగా తాగకూడదు. చెప్పిన కొలతకు పలచబరచాలి, ఆ తర్వాత తాగమన్న నీళ్ళను కూడా మందులో భాగంగానే లెక్కపెట్టాలి. ఫాస్ఫేటు ద్రావణాన్ని మాత్రం దుకాణంలో అడిగి సొంతంగా తెచ్చుకోకండి. నోటితో తీసుకునే ఈ రకం వల్ల కిడ్నీలు దెబ్బతినవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే హెచ్చరించింది.

సగం ముందు రోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు ఉదయం తాగడం మేలైన పద్ధతి. మొత్తం రాత్రే తాగేస్తే, తెల్లవారేలోపు చిన్నపేగు నుంచి కొత్తగా దిగే పైత్యరసం పెద్దపేగు కుడివైపున మళ్ళీ పూత పూస్తుంది. బల్లపరుపు పిలకలు ఎక్కువగా తప్పించుకునేది ఆ కుడివైపునే. ఉదయం సగానికి పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందు ముగించాలి. పరీక్ష పది గంటలకైతే అయిదింటికి లేచి కూర్చుని, ఏడింటికల్లా ముగించండి. మీ కాగితం మొత్తం రాత్రే తాగమంటే ఫోను చేసి, ‘రెండు భాగాలుగా తాగవచ్చా’ అని అడగండి.

రుచి బాగుండదు. ఉప్పు నీళ్ళలో ఎవరో సబ్బు ముంచి తీసినట్టు ఉంటుంది. పొడిని నీటిలో పూర్తిగా కరిగించి ఫ్రిజ్‌లో చల్లబరిస్తే సగం బాధ తగ్గుతుంది. గ్లాసు చొప్పున, అంటే సుమారు 250 మిల్లీలీటర్లు, పది పదిహేను నిమిషాలకోసారి తాగండి. చప్పరిస్తూ తాగితే ప్రతి గుక్కా శిక్షే. స్ట్రా నాలుక వెనక దాకా పెట్టి గటగటా లాగేయడమే నాకు కలిసివచ్చింది. మధ్యమధ్య నిమ్మచెక్క వాసన చూసేవాణ్ణి. వికారం వస్తే అరగంట ఆగి, కాస్త నడిచి మళ్ళీ మొదలుపెట్టండి. వాంతులు ఆగకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నా, కడుపు రాయిలా ఉబ్బి నొప్పి వచ్చినా మందు ఆపి ఆసుపత్రికి ఫోను చేయండి.

మొదటి విరేచనం గంటలో రావచ్చు, మూడు గంటలకు రావచ్చు. రాలేదని కంగారుపడి రెండో మోతాదు ముందే తాగకండి. ఒకసారి మొదలైతే ఆగదు కాబట్టి ఏర్పాట్లు ముందే చూసుకోవాలి. మేడమీద ట్యాంకు నిండుగా ఉందో లేదో సాయంత్రమే చూడండి. మా వీధికి నీళ్ళు వచ్చేది రోజు విడిచి రోజు. అపార్టుమెంటులో మోటారు సమయం కనుక్కోండి, రెండు బకెట్లు నింపి పెట్టుకోండి. కరెంటు పోతుందేమోనని బాత్రూములో టార్చి ఉంచండి. పెద్దవారైతే గొళ్ళెం పెట్టుకోవద్దు, తలుపు చేరవేస్తే చాలు. కింద కూర్చునే దొడ్డయితే లేవడానికి పట్టుకునేందుకు స్టూలు ఒకటి పెట్టండి. మొదటి విరేచనానికి ముందే ఆసనం చుట్టూ కొబ్బరినూనో, వాజెలినో రాసుకోండి. పదోసారి తర్వాత నన్ను తలుచుకుంటారు.

ఆ ఉదయం

చివరికి ఏం రావాలి? మొదట గట్టిది, తర్వాత బురద నీరు, తర్వాత తవుడు కలిపినట్టున్న నీరు, ఆఖరుకు పలచని పసుపు నీళ్ళలా తేట. అడుగు కనిపించేలా ఉంటే పేగు సిద్ధమైనట్టు. ఇంకా గోధుమరంగు బురదే వస్తుంటే దాచకండి. బయలుదేరే ముందే ఫోను చేసి చెబితే ఏం చేయాలో వారు చూస్తారు. ముందే తెలిస్తే సర్దుబాటు చేయగలిగేది, మత్తిచ్చిన తర్వాత తెలిస్తే ఆ రోజు వృథా.

ఆసుపత్రి వారు చెప్పిన సమయం దాటాక నీళ్ళు కూడా వద్దు. మత్తులో కడుపులోది వెనక్కు వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఈ జాగ్రత్త. అప్పుడు టీ గుక్క కూడా లెక్కలోకి వస్తుంది. మందుల చీటీలు, పాత రిపోర్టులు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు తీసుకెళ్ళండి. వెంట ఒక మనిషి ఉండాలి, ఎందుకంటే మత్తు తీసుకున్న రోజు బండి నడపకూడదు.

తర్వాత కడుపులో గాలి ఉంటుంది. దాన్ని బిగబట్టకుండా వదిలేయండి, అక్కడ అందరి పనీ అదే. రిపోర్టులో బోస్టన్ స్కేల్ అని మూడు అంకెలు ఉంటే చూడండి. పెద్దపేగును మూడు భాగాలుగా చేసి ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు వేసే శుభ్రత మార్కులవి. ప్రతి భాగానికీ కనీసం 2 రావాలి. మళ్ళీ ఎన్నేళ్ళకు పరీక్ష చేయించుకోవాలో చెప్పేటప్పుడు డాక్టర్లు దీన్ని కూడా చూస్తారు, రిపోర్టు పారేయకండి. పిలక తీసి ఉంటే తిండి గురించి వేరుగా చెబుతారు. ఇంటికి వచ్చాక కడుపు తీవ్రంగా నొప్పి పెట్టినా, జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పడినా వెంటనే వెనక్కు వెళ్ళాలి.

రెండోసారి నాకు మూడు భాగాలకూ మూడేసి వచ్చాయి. ఇంటికి రాగానే అమ్మ పెరుగన్నం కలిపి పెట్టి, పోపు వేయవచ్చా అని అడిగింది. ఆ పూటకు వద్దన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆవకాయ జాడీ తనే అటక మీద నుంచి దించింది.